మైకాయన మీద ముందే రాసిపెట్టిన వార్త

మైకాయన నెగ్గిన తగువు ఒకటి వదిన కళ్లారా చూసింది. ఆయన మైకులో బస్సుల వేళలు చెప్పే బస్టాండుకి, మధ్యాహ్నం భోజనం డబ్బా ఇచ్చొద్దామని వెళ్లిందావిడ. మైకు గది అంటే అదేం గది కాదు, మూడు పక్కలా అద్దాలున్న పెట్టె. లోపల ఒక కుర్చీ, ఒక బల్ల, మెడ వంచిన కొంగలాగా ఒక మైకు. పక్కనే మరుగుదొడ్లు. అద్దానికి ఇవతల ఒక డ్రైవరు చేతులు తిప్పుతూ అరుస్తున్నాడు. టైము కాకుండానే బండి తీయబోతే, "ఇంకా వేళ కాలేదు, కంగారు పడొద్దు" అని మైకాయన బస్టాండంతా వినేట్టు చెప్పాడట. అందరూ నవ్వారట. దాంతో డ్రైవరుగారి పరువు చక్రం కింద పడింది.

"నీ పని అరవడం, నా పని తోలడం. గాడిద గొంతేసుకుని నాకు టైము నేర్పుతావా?" అన్నాడు డ్రైవరు.

మైకాయన మైకు దగ్గరికి లాక్కున్నాడు. స్విచ్చి నొక్కాడు. గొంతులో తేనె పోసుకున్నట్టు, "ప్రయాణికులకు మనవి. ఆరో నంబరు దగ్గర ఆగి ఉన్న బస్సు డ్రైవరుకి ఉన్నట్టుండి తల తిరుగుతున్నందువల్ల ఆ బస్సు రద్దయింది. దయచేసి దిగిపోగలరు" అన్నాడు.

అంతే. బస్సు బస్సంతా దిగిపోయింది. మూటలు, సంచులు, చంకల్లో పిల్లలు. ఒక ముసలామె నేరుగా వచ్చి డ్రైవరు నుదుటి మీద చెయ్యి పెట్టి, "జ్వరం లేదు నాయనా, పైత్యం అయ్యుంటుంది, నీడన కూర్చో" అంది. బాగానే ఉన్నానని వాడు ఎంత అరిస్తే జనం అంత వెనక్కి జరిగారు. చివరికి అద్దం దగ్గరికొచ్చి, "బాబ్బాబు, తప్పయిపోయింది, మళ్లీ చెప్పు, బండి కదలాలి" అని బతిమాలుకున్నాడు.

"నాకెందుకు చెప్తావు, ఇందులో చెప్పు" అని మైకు అటు తిప్పాడు మైకాయన. ఆ డ్రైవరు తన తప్పు తన నోటితోనే ఊరికంతా చెప్పుకున్నాకే బస్సు బతికింది. వదిన నవ్విన నవ్వుకి డబ్బాలో పులుసు ఒలికి చీరంతా పాడైంది.

"నవ్వుతావేం వదినా, భోజనం ఏది?" అన్నాడాయన, ఏమీ ఎరగనట్టు.

మైకాయన అంటే అంతే. తన జోలికి వచ్చినవాణ్ణి ఊరికే వదిలిన పాపాన పోలేదు. వదినకి పెనిమిటి తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా ఎందుకని అడిగితే వదినే జవాబు చెప్పేది: "వాడు మాట్లాడుతుంటే వినాలి గానీ వాడితో ఎవరూ మాట్లాడకూడదు. అలాంటి కాపురం బస్టాండుతో తప్ప ఇంకెవరితో కుదురుతుంది?" అన్నగారు పోయాక కూడా ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండిపోయారు, మేడ మీద రెండు గదులు, ముందు గది ఆయనది, వెనక గది ఆవిడది, మధ్యలో వంట. కూరలో ఉప్పెక్కువైతే అది కూడా బస్సు వచ్చినట్టే ప్రకటించేవాడు. పక్కింటివాళ్లకి తెలిసేది ఇవాళ ఈ ఇంట్లో ఉప్పు ఎంత పడిందో.

పదవీ విరమణ రోజున ఆయన గొంతునంతా యంత్రంలోకి ఎక్కించుకుని, మెళ్లో ఒక దండేసి, ఇంటికి పొమ్మన్నారు. ఆ తర్వాత కూడా బస్టాండులో ఆయన గొంతే పలికేది. ఆయన మాత్రం టిక్కెట్టు లేని ప్రయాణికుడిలాగా బల్ల మీద కూర్చుని విని వచ్చేవాడు. సబ్బు కొనడానికి వెళ్లి నోరు తెరిస్తే చాలు, కొట్లో జనం తిరిగి చూసేవాళ్లు, ఎక్కడో విన్నామే అని. మొహం మాత్రం ఎవరికీ తెలీదు. ఆ ఒక్క లోటే ఆయనకి పుండై కూర్చుంది.

"గొంతు అందరిదీ అయిపోయింది వదినా. ఈ మొహం మాత్రం నువ్వొక్కదానివే చూస్తున్నావు."

"నా కర్మ" అనేదావిడ.

అలాంటి ఇంటికి ఆ ఎండాకాలంలో ఒక పిల్ల వచ్చింది. భుజాన సంచి, ఎండకి కమిలిన మొహం, అరిగిపోయిన చెప్పులు. జర్నలిజం చదువుతోందట. సెలవులకి పత్రికలో పని నేర్చుకుంటోందట. మైకాయన మీద పెద్ద వ్యాసం రాస్తుందట, ఫోటోతో సహా. ఆ మాట వినగానే మైకాయన లోపలికెళ్లి చొక్కా మార్చుకుని వచ్చాడు. వదిన టీ పెట్టింది. ఆ పిల్ల అడగడం, ఆయన చెప్పడం, సాయంత్రందాకా సాగింది. చిన్నప్పుడు పశువుల్ని పిలవడం దగ్గర్నుంచి మొదలుపెట్టాడు మహానుభావుడు.

"సార్, ఆ రోజుల్లో మీకు ఎలా అనిపించేది?" అని పిల్ల అడిగితే, "అనిపించడమేంటమ్మా, వినిపించేది" అని తన మాటకి తనే మురిసిపోయాడు.

సాగనంపడానికి వదిన మెట్లదాకా వచ్చింది. అక్కడ పిల్ల గొంతు తగ్గించి, "మామ్మగారూ, నా నంబరు ఉంచండి. సార్‌కి ఏదైనా... అంటే ఏదైనా అయితే, ముందు నాకే చెప్పండి. ఏ వేళైనా పర్లేదు" అంది.

"ఏమవుతుంది?"

"ఏం లేదు, ఊరికే."

"ఊరికే ఎవరూ నంబర్లు పంచరు. నాకు పుస్తకం చదవడం అంతంతమాత్రం గానీ మొహం బాగానే చదువుతాను. కూర్చో. చెప్పు."

పిల్ల మెట్టు మీద కూర్చుని చెప్పేసింది. పత్రికవాళ్లు ఏటా ఎండాకాలం సెలవులకి కొందరు విద్యార్థుల్ని తీసుకుంటారు. ఇంటర్న్‌షిప్ అంటారు దాన్ని. జీతం లేదు, సొంత కుర్చీ లేదు, బయటికెళ్లిన వాళ్ల కుర్చీలో వాళ్లు తిరిగొచ్చేదాకా కూర్చోవాలి. ఆఫీసులో వీళ్లకి పేరు కూడా ఉండదు, ఎండాకాలం పిల్లలు అంటారంతే. సెలవులు అయిపోయే శుక్రవారం నాటికి ఎవరి పేరుతో పెద్ద వార్త అచ్చయి ఉంటుందో వాళ్లకి ఏడాదిపాటు జీతమిచ్చే ఫెలోషిప్, ఆ తర్వాత ఉద్యోగం. మిగతావాళ్లకి ఒక సర్టిఫికెట్టు, వీపు మీద ఒక తట్టు. కానీ పెద్ద వార్తలు రిపోర్టర్లు వీళ్లకి ఎందుకు వదులుతారు? వీళ్లకి ఇచ్చే పని ఒకటే. ఊరికి తెలిసిన ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి, ఆదివారం పేజీకని చెప్పి, జీవితమంతా అడిగి రాసుకురావాలి. ఆ రాతల్ని కంప్యూటర్లో ఒకచోట దాస్తారు. ఐస్‌పెట్టె అంటారు దాన్ని. ఆ మనిషి పోయిన రోజున బయటికి తీసి, తేదీ నింపి, వేసేస్తారు.

"అంటే మా మరిది చచ్చేదాకా ఇది పడదు."

"పడదు."

"వాడు శుక్రవారం లోపు చావకపోతే నీ పని ఐస్‌పెట్టెలోనే."

"అలా అనకండి మామ్మగారూ."

"ఎలా అనాలో నువ్వే చెప్పు. చదువుకున్నదానివి."

పిల్ల ఏడవబోయి నవ్వింది. "మా రాతలు దిద్దే డెస్కాయన రోజూ అడుగుతాడు, 'ఏం, మీ ముసలాయన పండాడా, ఇంకా కాయేనా?' అని."

"ఫెలోషిప్ రాకపోతే?"

"మా బాబాయి పెయింట్ల కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడతారు. ఈ చదువుకే ఇంట్లో యుద్ధం చేసి వచ్చాను. ఇది రాకపోతే ఇంక నన్ను పంపరు. డబ్బా మూతలు తీస్తూ ఉండటమే."

వదిన ఈ సంగతి మరిదికి చెప్పిందా? చెప్పలేదు. అడిగితే జాలి అనొచ్చు. జాలి కాదు. ఇన్నేళ్లుగా తన వంట మీద ప్రకటనలు చేసిన మనిషి ఆదివారం తెల్లారకముందే లేచి పేపరు కోసం మెట్ల మీద కూర్చోవడం, కాగితాలు నేల మీద పరిచి ఒక్కో పేజీ వేలితో తడమడం, చూడ్డానికి బాగానే ఉంది. పిల్లికి చెలగాటం అంటారు చూడండి, అది.

మొదటి ఆదివారం లేదు. "ఫోటో అచ్చు సరిగా రాలేదేమో" అన్నాడు. ఆ తర్వాతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని పేపరు తెరిచాడు, తన ఫోటోకి తను గౌరవం ఇవ్వాలన్నట్టు. అప్పుడూ లేదు. పిల్ల వచ్చినప్పుడల్లా, "చోటు సరిపోలేదు సార్, వచ్చే వారం" అనేది. చెప్పేటప్పుడు వదినవైపు చూసేది కాదు. వదిన మాత్రం ఆ పిల్లనే చూసేది.

"మీ పేపర్లో చోటు దొరకడం కన్నా బస్సులో కిటికీ పక్క సీటు దొరకడం తేలిక" అనేవాడు మైకాయన.

ఈలోగా ఆ పత్రికలోనే ఇంకో ఎండాకాలం పిల్లాడికి అదృష్టం పట్టింది. వాడికి అప్పజెప్పిన డ్రిల్లు మాస్టారు స్నానాలగదిలో జారిపడి పోయాడు. అర పేజీ పడింది, వాడి పేరుతో. ఆఫీసులో వాడికి మిఠాయిలు తినిపించారట. ఆ కబురు వదినకి చెబుతున్నప్పుడు పిల్ల కళ్లలో అసూయ తేటగా కనిపించింది.

"వాడి మాస్టారు డెబ్బయ్యేళ్లు కూడా నిండని మనిషి మామ్మగారూ. గుండ్రాయిలా ఉండేవాడట."

"మావాడు దగ్గుతూనే బండి లాగుతున్నాడని బాధా?"

పిల్ల చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

డెస్కాయన పెట్టిన నియమం ఒకటుంది. రాసిన సంగతులు ఆ మనిషికే చదివి వినిపించి సరిచూసుకోవాలి, పోయాక అడగడానికి ఉండరు కాబట్టి. ఎండాకాలం పిల్లలందరూ మొదటి ముక్కా చివరి ముక్కా వదిలేసి, నడిమి భాగమే చదివి వినిపించి గట్టెక్కుతారు. ఈ పిల్ల కూడా అలాగే ఫోను తీసి మధ్యలోంచి మొదలుపెట్టింది. రెండు వాక్యాలైనా వినకుండా మైకాయన చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వు. నా సంగతి నాకు ఇంకొకరు చదవడమా? ఈ ఊరికి చదివి వినిపించిందే నేను."

"వద్దు సార్, అక్షరాలు చిన్నవి..."

"కళ్లజోడుంది."

లాక్కున్నాడు. పైకి జరిపి మొదటికంటా వెళ్లాడు. గొంతు సవరించుకున్నాడు. ఇంక మొదలుపెట్టాడు, బస్టాండు గొంతుతో, ఒక్కో మాటా అద్దంలా తుడిచి.

"'ఎవరి బస్సు ఎప్పుడో ఊరందరికీ చెప్పిన గొంతు ఇక పలకదు. మైకాయనగా పేరుపడ్డ ఈ మృదుస్వభావి... ఖాళీ... వారం, ఖాళీ... గంటలకు, ఖాళీ... కారణంగా తన ఇంట కన్నుమూశారు.'"

పక్కింటి కిటికీ తెరుచుకుంది. పిల్ల గోడకి అంటుకుపోయింది. మైకాయన ఆగలేదు. ఆయన ఎప్పుడూ సగంలో ఆపి ఎరగడు. తన పుట్టుక, తన కొలువు, తన గొంతు విని పెళ్లి చూపులకి బస్సు అందుకున్నవాళ్లు, తన గొంతు విని ఆసుపత్రికి పరుగెత్తినవాళ్లు, అన్నీ చదివాడు. చచ్చినవాడి కళ్లు చారెడు అన్నట్టు, ఆ రాతలో ఆయన ఎన్నడూ లేనంత మంచివాడిగా ఉన్నాడు. చివరి ముక్క దగ్గరికొచ్చాడు.

"'ఆయనకు వదిన ఉన్నారు.'"

"ఉన్నాను లెండి" అంది వదిన, వంటగది గుమ్మంలోంచి.

ఆయన కళ్లజోడు తీశాడు. ఫోను పిల్ల చేతిలో పెట్టాడు.

"బాగా రాశావమ్మా. ఒకటే తప్పుంది. మృదుస్వభావి అన్నావు. అది కొట్టెయ్."

పిల్ల ఏడుస్తూ అంతా చెప్పింది, ఐస్‌పెట్టె, ఫెలోషిప్, పెయింట్ల కొట్టు. ఆయన బస్సు ఎంత ఆలస్యమో వాకబు చేసే మనిషిలాగా విన్నాడు.

"నీది ఎప్పుడు తేలుతుంది?"

"వచ్చే శుక్రవారం సార్."

"అబ్బో, దగ్గరకొచ్చేసింది. సరే, నా వంతు నేను చూస్తాను."

పిల్ల కాళ్ల మీద పడబోతే వెనక్కి జరిగాడు. అది వెళ్లిపోయాక వదినవైపు తిరిగి, "నీకు తెలుసా?" అన్నాడు.

"మొదటి రోజునుంచీ."

"ఇస్త్రీ చేయించింది కూడా నువ్వే."

"అడిగావు, చేయించాను."

ఆ రోజంతా ఆయన ఆవిడతో మాట్లాడలేదు. చావు వార్త చదివినందుకు కాదు ఆయన మంట. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని డాక్టరు చెప్పి చాలా కాలమైంది, పోతాననే సంగతి ఆయన ఎప్పుడో జీర్ణం చేసుకున్నాడు. ఆయనకి గుచ్చుకున్నవి ఆదివారాలు. మొహం వస్తుందని పేపరు పరుచుకుని కూర్చున్న ముసలివాణ్ణి ఒక పిల్ల, ఒక వదిన, కూడబలుక్కోకుండానే కూర్చోబెట్టి చూశారు. ఆయన బతుకులో ఆయన్ని చూసి జనం వెనక నవ్వడం అదే మొదలు.

ఆ కోపమే తిన్నదో, వ్యాధి తన వేళకి తను వచ్చిందో, మర్నాటికల్లా ఆయన మంచం పట్టాడు. ఊపిరి తీస్తుంటే తడి గుడ్డ చింపినట్టు చప్పుడు. డాక్టరు వచ్చి చూసి, గుమ్మం బయటికి వెళ్లి, "ఆసుపత్రిలో పెట్టినా రోజుల మాటే. ఇంట్లోనే ఉండనివ్వండి" అన్నాడు.

పిల్ల రోజూ సాయంత్రం వచ్చేది. నారింజలు తెచ్చేది. సార్ అనడం మానేసి తాతగారూ అనడం మొదలుపెట్టింది. తడిగుడ్డతో మెడ తుడిచేది, దిండు సరిచేసేది, జావ చెంచాతో పట్టేది. అబద్ధం చెప్పకూడదు, బాగానే చేసేది, సొంత మనవరాలు చేయదు అలా. మైకాయన కళ్లు మూసుకుని చేయించుకునేవాడు. చెంచా చెంచాకీ మధ్య ఆ పిల్ల ఆయన గుండెలవైపు చూసేది, ఎలా ఎగసి పడుతోందో అని. ఆ చూపు వదిన పట్టుకుంది.

బుధవారంనాడు పిల్ల వెళుతూ వెళుతూ మెట్ల మీద ఆగి ఫోన్లో స్నేహితురాలితో మాట్లాడింది. పైన తలుపు ఓరగా ఉంది. వదిన జావ గిన్నెతో నిలబడి వింది.

"లేదే... ఇవాళ గిన్నెడు జావ తాగాడు. నిన్నటికంటే నయం... నాకేం తెలుసు? డాక్టరు రోజులన్నాడు, ఎన్ని రోజులని చెప్పలేదు... శనివారమైతే ఏం లాభం?... ఛీ, నేనలా అనట్లేదే. అంటున్నానా?... అవును, అంటున్నాను. ఏం చెయ్యమంటావు?" అని మెట్టు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

వదిన గిన్నె పట్టుకుని లోపలికెళ్లి, విన్నది విన్నట్టు మరిదికి చెప్పేసింది. చెబితే పాపమా, దాస్తే పుణ్యమా అని తూకం వేసుకునే మనిషి కాదావిడ. పైగా ఆదివారాల బాకీ ఒకటి ఉండిపోయింది ఇద్దరి మధ్యా. ఏడ్చింది కూడా చెప్పింది. ఏడుపు దగ్గర మైకాయన నవ్వాడు. ఆ నవ్వు దగ్గై, దగ్గు ఆయాసమై, తేరుకునేసరికి చాలాసేపు పట్టింది.

"పిల్లకి నిజం చెప్పడం వచ్చింది. మంచి రిపోర్టరవుతుంది."

"అవ్వనిస్తేగా" అంది వదిన.

గురువారం మధ్యాహ్నం ఆయన చేత్తో సైగ చేసి ఆవిణ్ణి మంచం దగ్గరికి పిలిచాడు. గొంతు అంత గొంతూ పోయి ఈల మిగిలింది. ఆవిడ వంగితే గానీ వినబడలేదు.

"వదినా, ఒక పని చెప్తాను. చేస్తావా?"

"చెప్పు ముందు. పని వినకుండా మాటివ్వను."

"ఇవాళ గానీ రేపు గానీ నేను పోతే తలుపు వేసెయ్. ఎవరికీ చెప్పకు. ఆ పిల్ల వస్తే నిద్రపోతున్నానను. శనివారం పొద్దున చెప్పు అందరికీ. వాళ్ల డెస్కాయనకి నువ్వే ఫోన్ చేసి చెప్పు."

వదిన ఆయన మొహంలోకి చూసింది. జ్వరం మాటలు కావు. బస్సు రద్దు చేసిన రోజున ఎంత తెలివిగా ఉన్నాడో అంత తెలివిగానూ ఉన్నాడు.

"ఈ ఎండల్లోనా? కంపు కొడతావు మరిదీ."

"కిటికీ తెరువు. నేను జీవితమంతా మరుగుదొడ్ల పక్కన కూర్చున్నాను. నువ్వు రెండు పూటలు కూర్చోలేవా?"

"దాని బతుకు పెయింట్ల కొట్లో తెల్లారిపోతుంది."

"తెల్లారనీ."

"నీకు మాత్రం ఏమొస్తుంది? శనివారమైనా అదే రాత వేస్తారు. రాసినవాళ్ల పేరు మారుస్తారు, అంతే. నీ మొహం ఎలాగూ పడుతుంది."

"పడనీ. దాన్ని నేను చూడబోతానా?" ఊపిరి కూడదీసుకున్నాడు. "నేను పేపరు పరుచుకుని కూర్చున్నాను వదినా. ఆ పిల్లనీ ఒక ఆదివారం కూర్చుని చూడనీ."

ఆవిడకి కోపం రావాలి, రాలేదు. జాలి పడాలి, పడలేదు. ఎవరి మీద పడాలో తెలియలేదు. జావ పట్టమంటావా అని అడిగింది. వద్దన్నాడు. నారింజ తొన కూడా వద్దన్నాడు, ఆ పిల్ల తెచ్చినది అని. దుప్పటి మెడదాకా లాగమన్నాడు. లాగింది.

కింద వీధి తలుపు చప్పుడైంది. ఆ వేళకి రావలసింది కాదు, తొందరపడి ముందే వచ్చినట్టుంది. అరిగిన చెప్పులు మెట్లెక్కుతున్నాయి. మైకాయన చెవి ఇంకా చెవే, ఎవరో గుర్తుపట్టాడు. వదిన మణికట్టు పట్టుకున్నాడు, ఆ వేళ్లలో అంత పట్టు ఉందని ఆవిడ అనుకోలేదు.

"అదిగో. వెళ్లు. గుమ్మంలోనే ఆపి, నిద్రపోతున్నానని చెప్పు. ఇవాళ బతికే ఉన్నాను కాబట్టి తడబడినా పర్లేదు. ఆ అబద్ధానికి నీ గొంతు ఎలా వస్తుందో ఇక్కడ్నుంచి వింటాను."